సహజ ఆవాసాల్లో హంసలను గమనించడం, ఫొటోలు తీయడం: సమగ్ర మార్గదర్శి

హంసలను ఫొటో తీయాలనుకునేవారు సాధారణంగా కెమెరాతో మొదలుపెడతారు. ఈ మార్గదర్శి మాత్రం పక్షితో మొదలవుతుంది. హంస ఎప్పుడు ఎగరబోతోందో, ఎటు ముఖం పెట్టి నీటిపై దిగుతుందో, ఎప్పుడు లేచి రెక్కలు విదిలిస్తుందో దాని ప్రవర్తనే ముందుగా తెలియజేస్తుంది. ఆ సూచనను అందుకోగలిగిన వారికి మామూలు లెన్స్‌తోనూ మంచి చిత్రం దొరుకుతుంది. అందుకోలేని వారి చేతిలో ఎంత గొప్ప పరికరం ఉన్నా ఆ క్షణం దాటిపోయాకే అది పైకి లేస్తుంది. మరొక కారణం కూడా ఉంది. బెదరని హంస మాత్రమే తన సహజమైన పనులు చేసుకుంటుంది కనుక, పక్షికి ఇబ్బంది కలగకుండా చూడటమూ మంచి చిత్రం సాధించడమూ ఆచరణలో ఒకే పని అవుతాయి.

మొదటి దశ: ఏ హంసో గుర్తించడం

సిగ్నస్ ప్రజాతిలో ఆరు జాతుల హంసలు ఉన్నాయి. ఉత్తరార్ధగోళంలో ఉండే నాలుగూ తెల్లనివి: మూగ హంస, హూపర్ హంస, టండ్రా హంస, ట్రంపెటర్ హంస. దక్షిణార్ధగోళంలో ఆస్ట్రేలియాకు చెందిన నల్ల హంస, దక్షిణ అమెరికాకు చెందిన నల్లమెడ హంస ఉన్నాయి. దక్షిణ అమెరికాలోనే కనిపించే కాస్కొరోబా చూడటానికి చిన్న హంసలా ఉన్నప్పటికీ దాన్ని వేరే ప్రజాతిలో చేర్చారు.

తెల్లని హంసలను వేరుచేసి గుర్తించడానికి ముందుగా చూడవలసింది ముక్కు. మూగ హంసకు నారింజ రంగు ముక్కు, దాని మొదట్లో నల్లని బుడిపె ఉంటాయి. ఆ బుడిపె మగపక్షిలో పెద్దది, వసంతకాలంలో మరింత ఉబ్బుగా కనిపిస్తుంది. హూపర్ హంస ముక్కుపై పసుపురంగు కోసుగా సాగి నాసికా రంధ్రాన్ని దాటి ముందుకు వస్తుంది. టండ్రా హంసకు యూరప్, ఆసియాల్లో కనిపించే రూపాన్ని బ్యూయిక్ హంస అంటారు. ఇది హూపర్ కన్నా చిన్నది, దీని ముక్కుపై పసుపు గుండ్రంగా ఉండి నాసికా రంధ్రానికి ముందే ఆగిపోతుంది. అమెరికాలో కనిపించే టండ్రా హంస ముక్కు దాదాపు మొత్తం నలుపే. కంటి ముందు చిన్న పసుపు చుక్క మాత్రం సాధారణంగా ఉంటుంది. కొన్ని పక్షుల్లో ఆ చుక్క కూడా ఉండదు కనుక, ముక్కు పూర్తిగా నల్లగా ఉండే ట్రంపెటర్ హంసతో పొరబడే అవకాశం ఉంది. అటువంటప్పుడు పక్షి ఎదురుగా తిరిగేవరకు ఆగి నుదుటిని చూడాలి: నుదుటి తెలుపు, ముక్కు నలుపు కలిసే గీత ట్రంపెటర్‌లో కోసుగా, టండ్రాలో వంపు తిరిగి కనిపిస్తుంది. గొంతు విన్నా తేడా తెలుస్తుంది. ట్రంపెటర్ స్వరం లోతైన కొమ్ముబూర నాదంలా ఉంటే, టండ్రా స్వరం అంతకన్నా పై స్థాయిలో ఉంటుంది.

దూరం ఎక్కువై ముక్కు స్పష్టంగా కనిపించనప్పుడు మెడను గమనించాలి. మూగ హంస సాధారణంగా మెడను వంపుగా ఉంచి ముక్కును కిందికి దించి ఈదుతుంది. మిగతా మూడు తెల్ల హంసలు మెడను నిటారుగా, ముక్కును నీటికి సమాంతరంగా ఉంచుతాయి. ఎగిరేటప్పుడు మూగ హంస రెక్కల నుంచి లయబద్ధమైన హోరు వినిపిస్తుంది, మిగతావి మాత్రం ఎగురుతూ అరుస్తాయి. ఈ రెండు లక్షణాలూ అలవాటైతే మంచులోనూ మసక వెలుతురులోనూ గుర్తింపు సాధ్యమవుతుంది.

బ్యూయిక్ హంసల విషయంలో గుర్తింపు జాతి దగ్గరే ఆగనవసరం లేదు. ఇంగ్లండ్‌లోని స్లింబ్రిడ్జ్‌లో ప్రకృతి పరిశోధకుడు పీటర్ స్కాట్ 1964లో ఈ హంసల ముక్కుల మీది పసుపు, నలుపు రంగుల అమరిక ఏ రెండింటిలోనూ ఒకేలా లేదని గమనించి, ఒక్కొక్క పక్షి ముఖాన్నీ బొమ్మగా గీసి నమోదు చేయడం ప్రారంభించారు. ఆ అధ్యయనం ఆ తర్వాత దశాబ్దాలపాటు కొనసాగింది. ఏ జంట కలిసి తిరిగి వచ్చింది, ఏ పక్షి తన పిల్లలతో వచ్చింది అనే సంగతులు పక్షిని పట్టుకోకుండానే తెలుసుకోవడానికి అది మార్గం చూపింది. మీరు తీసే ముఖచిత్రాలకూ ఇలాంటి విలువ ఉండవచ్చు. ముక్కు రెండు పక్కలా, ఎదురుగా స్పష్టంగా కనిపించే మూడు ఫొటోలు తీసి ఉంచుకోవడం మంచి అలవాటు.

రెండవ దశ: చోటు, కాలం ఎంచుకోవడం

ఉత్తరార్ధగోళపు హంసల్లో ఎక్కువ భాగం వలస పక్షులు. బ్యూయిక్ హంసలు రష్యాలోని ఆర్కిటిక్ టండ్రాలో పిల్లలను పెంచి, సుమారు 3,500 కిలోమీటర్లు ప్రయాణించి చలికాలానికి వాయవ్య యూరప్‌కు చేరుకుంటాయి. ఐస్‌లాండ్ హూపర్ హంసలు సముద్రం దాటి బ్రిటన్, ఐర్లండ్‌లకు వస్తాయి. అందువల్ల కొత్తవారికి చలికాలమే అనువైనది: అక్టోబరు చివరి నుంచి మార్చి వరకు పక్షులు ఒకేచోట గుంపులుగా దొరుకుతాయి, పైగా గూళ్ళ కాలం కాదు కనుక నష్టం చేసే అవకాశం తక్కువ.

బ్రిటన్‌లో స్లింబ్రిడ్జ్, వెల్నీ, స్కాట్లండ్‌లోని కేర్లావ్‌రాక్ చిత్తడి నేలల కేంద్రాల్లో పక్షులను చాటు నుంచి చూసే గదులు ఉన్నాయి. ఈ మూడింటినీ 1946లో పీటర్ స్కాట్ స్థాపించిన సంస్థే నిర్వహిస్తోంది. జపాన్‌లోని హొక్కైడోలో కుష్షారో సరస్సు గడ్డకట్టినా, వేడినీటి ఊటలున్న ఒడ్డు దగ్గర నీరు కరిగే ఉంటుంది. అక్కడ చేరే హూపర్ హంసల చుట్టూ తెల్లవారుజామున లేచే ఆవిరి ఫొటోగ్రాఫర్లను దూరదేశాల నుంచి రప్పిస్తుంది. చైనాలో షాన్‌డాంగ్ తీరాన ఉన్న రోంగ్‌చెంగ్ కూడా హూపర్ హంసల శీతాకాలపు నెలవే. అమెరికాలో ట్రంపెటర్ హంసలకు యెల్లోస్టోన్ ప్రాంతపు నదులు, మిన్నెసోటాలోని మాంటిసెల్లో దగ్గర విద్యుత్ కేంద్రం వల్ల గడ్డకట్టని మిసిసిపీ నీరు ప్రసిద్ధి. టండ్రా హంసలకు చెసపీక్ అఖాతం, ఉత్తర కరోలినాలోని మట్టముస్కీట్ సరస్సు పేరున్న చోట్లు. నల్లమెడ హంసలను చిలీలో వాల్దీవియా దగ్గరి చిత్తడి నేలల్లో చూడవచ్చు. ఆస్ట్రేలియా నల్ల హంసల సంగతి వేరు. అవి క్యాలెండరును కాక నీటిని అనుసరించి తిరుగుతాయి కనుక, నెల కన్నా ఆ ఏడాది వానలు ఎక్కడ కురిశాయన్నదే అక్కడ ముఖ్యం.

చోటు ఎంచుకున్నాక మొదటి రోజును తెలుసుకోవడానికే కేటాయించండి. చలికాలంలో హంసలు రాత్రి లోతులేని నీటి మీద నిద్రిస్తాయి, తెల్లవారాక మేత కోసం పొలాలకో గడ్డిమైదానాలకో ఎగురుతాయి, సాయంత్రం తిరిగి వస్తాయి. ఏ వైపు నుంచి లేస్తాయి, ఏ చెట్ల వరుస మీదుగా వెళ్తాయి, వచ్చేటప్పుడు ఎక్కడ దిగుతాయి అనేవి ఒక ఉదయం, ఒక సాయంత్రం కాగితం మీద గీసుకుంటే మరుసటి రోజు ఎక్కడ కూర్చోవాలో దాదాపు తేలిపోతుంది. సూర్యోదయానికి కనీసం ముప్పావు గంట ముందే స్థానంలో కదలకుండా ఉండాలి. వెలుతురు వచ్చాక నడుస్తూ చేరితే అప్పటివరకు ప్రశాంతంగా ఉన్న గుంపు మొత్తం మీ రాకతోనే లేచిపోవచ్చు.

మూడవ దశ: పరికరాలు

దీని గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. చూడటానికి 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. ముందు కటకాలున్న) బైనాక్యులర్స్ చాలు. పరిశోధకులు హంసల కాళ్ళకు తొడిగిన ఉంగరాల మీది అక్షరాలు చదవాలంటే స్పాటింగ్ స్కోప్ (ఒంటి కన్నుతో చూసే దుర్భిణి) కావాలి. ఫొటోలకు 100–400 లేదా 150–600 మి.మీ. జూమ్ లెన్స్, జూమ్ చేయలేని లెన్స్ కన్నా ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే హంస రెక్కలు విప్పితే వెడల్పు రెండు మీటర్లు దాటుతుంది. ఈదుతున్నప్పుడు ఫ్రేమ్‌లో చక్కగా ఇమిడిన పక్షి రెక్కలు చాచగానే రెండు వైపులా తెగిపోతుంది. గుంపుల కోసం 70–200 మి.మీ. లెన్స్ వెంట ఉంచుకోండి. నేల మీద పడుకుని తీయడానికి ట్రైపాడ్ కన్నా బీన్ బ్యాగ్ (గింజలు నింపిన మెత్తని సంచి) అనువుగా ఉంటుంది. చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి కనుక అదనపు బ్యాటరీని లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా పెట్టుకోండి. తిరిగి వెచ్చని గదిలోకి వచ్చేముందు కెమెరాను సంచిలో పెట్టి మూత బిగించి, గది ఉష్ణోగ్రతకు వచ్చాకే తెరిస్తే లెన్స్ మీద తేమ పట్టదు.

నాలుగవ దశ: దూరం

ఎన్ని మీటర్ల దూరంలో ఉండాలి అనే ప్రశ్నకు ఒకే అంకె జవాబు కాదు. మనుషుల రాకపోకలకు అలవాటుపడిన నది ఒడ్డున పది మీటర్ల దగ్గరకు తానే ఈదుకొచ్చే మూగ హంస, నిర్జనమైన సరస్సులో వంద మీటర్ల దూరం నుంచే బెదరవచ్చు. కొన్ని చోట్ల నియమం ఉంటుంది; యెల్లోస్టోన్‌ జాతీయ ఉద్యానవనంలో ఎలుగుబంట్లు, తోడేళ్ళు వంటివాటికి మరింత దూరం ఉండాలి, హంసలు సహా మిగతా జంతువులకు 25 గజాలు, అంటే సుమారు 23 మీటర్లు, కనీస దూరం. ఆ నియమాన్ని పాటిస్తూనే అసలు కొలతగా పక్షి ప్రవర్తననే తీసుకోవాలి. మీరు రాకముందు అది చేస్తున్న పనిని మీరు వచ్చాక కూడా చేస్తూ ఉంటే ఆ దూరం సరైనది. మేత ఆపి మెడ నిలువునా చాచితే, గుంపులో తలలన్నీ ఒకేసారి మీవైపు తిరిగితే, మీకు వ్యతిరేక దిశలో మెల్లగా ఈదడం మొదలుపెడితే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరకు వచ్చారని అర్థం. అక్కడే ఆగి, కూర్చుని, అవసరమైతే వెనక్కి జరగండి. మెడలు మళ్ళీ కిందికి దిగేవరకు కెమెరా ఎత్తకండి.

దీన్ని మర్యాదగా మాత్రమే భావించకూడదు. చలికాలపు పగళ్ళు చిన్నవి. ఆ కొద్ది గంటల్లోనే హంస రాత్రి చలిని తట్టుకోవడానికీ వసంతంలో తిరుగు ప్రయాణానికీ సరిపడా శక్తిని కూడబెట్టాలి. పది కిలోలకు అటూఇటూగా బరువుండే పక్షి నీటి మీద నుంచి లేవడానికి ఎంతో శ్రమపడుతుంది. ఒక గుంపును ఒకసారి అనవసరంగా లేపితే ఆ ఎగురుడు ఖర్చుతో పాటు మేత సమయమూ పోతుంది. వాయవ్య యూరప్‌కు చలికాలం గడపడానికి వచ్చే బ్యూయిక్ హంసల సంఖ్య 1995లో సుమారు 29 వేలు ఉండగా 2010 నాటికి సుమారు 18 వేలకు తగ్గింది. అలాంటి పక్షుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం.

నిజానికి దగ్గరికి వెళ్ళడం కన్నా దగ్గరికి రానివ్వడం మేలు. అవి వచ్చే చోటుకు ముందే చేరుకుని, ఒడ్డున రెల్లు చాటున, ఆకాశం నేపథ్యంగా మీ ఆకారం కనిపించకుండా కూర్చోండి. తప్పనిసరిగా జరగవలసి వస్తే సూటిగా వెళ్ళకుండా, పక్కకు నడుస్తున్నట్టుగా ఏటవాలుగా, మధ్యమధ్య ఆగుతూ, పక్షి కళ్ళలోకి తదేకంగా చూడకుండా కదలండి. రోడ్డు పక్క పొలాల్లో మేసే హంసలకు కారు మంచి చాటు; ఇంజను ఆపి కిటికీ మీద బీన్ బ్యాగ్ పెట్టుకోండి, తలుపు తెరిచి దిగకండి. పక్షికీ నీటికీ మధ్య, తల్లికీ పిల్లలకూ మధ్య ఎప్పుడూ చేరకూడదు. రొట్టె ముక్కలు వేసి రప్పించడం వద్దు. కొన్ని కేంద్రాల్లో సిబ్బంది ధాన్యం వేసే వేళలు ఉంటాయి, ఆ సమయంలో చూడటం వేరు. మీరు సొంతంగా వేసే ఆహారం పక్షి అలవాట్లను మార్చడమే కాక మీ చిత్రంలోని ప్రవర్తనను కూడా కృత్రిమం చేస్తుంది.

ఐదవ దశ: ప్రవర్తనను చదవడం

ఈ దశకు ఎంత సమయం ఇస్తే చిత్రాలు అంతగా మెరుగవుతాయి. కెమెరాను పక్కన పెట్టి కనీసం ఒక గంట ఒకే కుటుంబాన్ని చూడండి. వలస హంసల పిల్లలు మొదటి చలికాలమంతా తల్లిదండ్రులతోనే ఉంటాయి కనుక బూడిదరంగు పిల్లలున్న జంటను గుంపులో సులభంగా గుర్తుపట్టి వెంబడించవచ్చు.

మొదట నేర్చుకోవలసిన సూచన ఎగరడానికి ముందు వచ్చేది. హూపర్, టండ్రా, ట్రంపెటర్ హంసలు లేచే ముందు తలను పైకీ కిందికీ ఊపుతూ పిలుపులు మొదలుపెడతాయి. ముందు ఒక పక్షి ఊపుతుంది, తర్వాత దాని జత, ఆ తర్వాత పిల్లలు. ఊపు వేగం పెరిగేకొద్దీ, అరుపులు కలిసిపోయేకొద్దీ ఎగిరే క్షణం దగ్గరవుతుంది. కుటుంబమంతా ఒకే దిశకు తిరిగిందంటే ఇక సెకన్ల వ్యవధి మాత్రమే ఉంది. కొన్నిసార్లు ఈ ఊపు అలాగే చల్లారిపోయి అవి మళ్ళీ మేతకు దిగుతాయి. అందుకని నిరాశపడకుండా మళ్ళీ మొదలయ్యేవరకు అదే కుటుంబం మీద దృష్టి నిలపండి.

రెండవది గాలి. హంసలు గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే దిగుతాయి. దీన్నుంచి ఒక ఆచరణ సూత్రం వస్తుంది: గాలి మీ వీపు వెనుక నుంచి వీస్తుంటే పక్షులు మీవైపు పరుగెత్తుతూ లేస్తాయి, కాళ్ళు ముందుకు చాచి మీకు ఎదురుగా దిగుతాయి. గాలి మీ ముఖానికి కొడుతుంటే మీకు వీపులే దొరుకుతాయి. ఉదయం వెలుగు, గాలి రెండూ ఒకే వైపు నుంచి, మీ వెనుక నుంచి వచ్చే రోజులు అరుదు. అటువంటి రోజు దొరికితే మిగతా పనులన్నీ పక్కన పెట్టి నీటి ఒడ్డుకు వెళ్ళాలి. రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే నేను గాలినే ఎంచుకుంటాను, ఎందుకంటే ఎదురు వెలుగులో కూడా ఈకల అంచులు మెరిసే మంచి చిత్రం సాధ్యమే, వెనుదిరిగిన పక్షిని మాత్రం ఏ వెలుగూ కాపాడలేదు.

మూడవది స్నానం. హంస తలను పదేపదే నీటిలో ముంచి వీపు మీదకు నీళ్ళు చల్లుకోవడం, రెక్కలతో నీటిని కొట్టడం మొదలుపెట్టిందంటే, ఆ స్నానం ముగిశాక దాదాపు ప్రతిసారీ నీటిలో నిటారుగా లేచి రెక్కలు పూర్తిగా విప్పి విదిలిస్తుంది. స్నానం సాగుతున్నప్పుడే ఫ్రేమ్‌ను వెడల్పు చేసి, పక్షికి పైనా రెండు పక్కలా చోటు వదిలి సిద్ధంగా ఉండాలి. కొత్తవారికి మొదట సాధన చేయదగిన చర్య ఇదేనని నా నమ్మకం. తరచుగా జరుగుతుంది, ముందుగా తెలుస్తుంది, పక్షి ఉన్నచోటే ఉంటుంది.

జంటల పలకరింపు మరొక అందమైన ఘట్టం. పొరుగు కుటుంబాన్ని తరిమివచ్చిన మగ హంస తన జత దగ్గరికి చేరగానే రెండూ ఎదురెదురుగా నిలిచి, రెక్కలను సగం విప్పి ఆడిస్తూ గట్టిగా అరుస్తాయి. కాబట్టి గొడవ ఎక్కడైనా మొదలైతే గొడవ పడే పక్షిని మాత్రమే కాక దాని జత ఎక్కడుందో కూడా చూసుకోండి; గెలిచిన పక్షి తిరిగి వెళ్ళేది అక్కడికే. మూగ హంస రెక్కలను వీపు మీద తెరచాపల్లా ఎత్తి, మెడను వెనక్కి వంచి, రెండు కాళ్ళతో ఒకేసారి నీటిని తన్నుతూ ముందుకు దూసుకొస్తే అది హెచ్చరిక. ఆ భంగిమ చిత్రంలో హుందాగా కనిపిస్తుంది, కానీ ఆ హెచ్చరిక మీకోసమే అయితే చిత్రం తీయడం ఆపి వెనక్కి జరగాలి. రెండు మెడలు హృదయాకారంగా కలిసే దృశ్యం చలికాలం చివర, వసంతారంభంలో జంటలు తలలు కలిపి తిప్పుకుంటూ, ఒకదాని వెంట ఒకటి మెడలు నీట ముంచుతూ ఉన్నప్పుడు క్షణకాలం ఏర్పడుతుంది; ఆ ముంచుడు లయ మొదలైనప్పటి నుంచే పక్క నుంచి, రెండు పక్షులూ మీకు సమదూరంలో ఉండేలా సిద్ధపడాలి.

ఆరవ దశ: తెలుపుకు సరైన ఎక్స్‌పోజర్

హంస ఫొటోల్లో ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. కెమెరాలోని మీటరు తాను చూసిన దృశ్యాన్ని మధ్యస్థమైన బూడిద రంగుగా మార్చడానికి ప్రయత్నిస్తుంది. తెల్ల హంస ఫ్రేమ్‌ను నింపినప్పుడు, లేదా చుట్టూ మంచు ఉన్నప్పుడు అది వెలుగును తగ్గించి హంసను మాసిపోయినట్టు చూపిస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా ఎంచుకున్న వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ వైపు, సుమారు ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) వరకు పెంచాలి. అదే హంస నల్లని నీటి మధ్య చిన్నదిగా కనిపిస్తే పరిస్థితి తిరగబడుతుంది: మీటరు ఆ చీకటిని వెలిగించబోయి తెల్లని ఈకల వివరాలేవీ కనిపించనంత వెలుగు నింపుతుంది కనుక కాంపెన్సేషన్‌ను మైనస్ వైపు తీసుకెళ్ళాలి. తెల్లపక్షికి ఎప్పుడూ ప్లస్ పెట్టాలి అని వినిపించే సలహా అందుకే సగం మాత్రమే నిజం.

వెలుతురు స్థిరంగా ఉన్నప్పుడు సెట్టింగులన్నీ మీరే పెట్టే మాన్యువల్ పద్ధతే నమ్మదగినది. హంస మీద పడే వెలుగు మారనంతవరకు నేపథ్యం నల్లని నీరైనా తెల్లని ఆకాశమైనా దాని ఎక్స్‌పోజర్ ఒకటే. ముందుగా రా ఫార్మాట్ (కెమెరా పట్టిన సమాచారాన్ని సవరించకుండా దాచే ఫైలు) ఎంచుకోండి. తెరపై అతి వెలుగును మెరిపించి చూపే హెచ్చరికను ఆన్ చేయండి. వెలుగు నేరుగా పడుతున్న హంస రొమ్ము మీద ఒక పరీక్ష చిత్రం తీసి, ఈకల్లో హెచ్చరిక మెరిస్తే షట్టర్ వేగాన్ని మూడవ వంతు స్టాప్ చొప్పున పెంచుతూ, ఆ మెరుపు ఆగిపోయేచోట నిలిపేయండి. హిస్టోగ్రామ్‌లో (చిత్రంలోని చీకటి, వెలుగుల పంపకాన్ని చూపే గ్రాఫ్) తెలుపు కుడి అంచుకు దగ్గరగా ఉండాలి, అంచును తాకకూడదు. నిర్మలమైన ఎండలో మొదలుపెట్టడానికి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 400, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే పరిమాణం) ఎఫ్/8, షట్టర్ వేగం సెకనులో 1/2500 నుంచి 1/3200 మధ్య విలువలు చాలాసార్లు సరిపోతాయి. సూర్యుడు తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు వెలుగు తగ్గుతుంది కనుక మళ్ళీ పరీక్షించుకోవాలి. మేఘాలు వచ్చిపోతూ ఉంటే మాన్యువల్‌లో వెంటాడటం కష్టం. అప్పుడు ఆటో ఐఎస్ఓకు కాంపెన్సేషన్ కలిపి వాడటం మేలు.

మధ్యాహ్నపు ఎండలో ఎంత జాగ్రత్తగా కొలిచినా తెల్లని ఈకల మీద నీడలు కఠినంగా పడతాయి. పలుచని మేఘం కమ్మిన రోజు హంసలకు నిజమైన వరం: ఈకల పొరలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి, నీరు ప్రశాంతమైన బూడిదరంగులో నిలుస్తుంది. నల్ల హంసకు ఈ లెక్క మరొకలా ఉంటుంది. అది ఫ్రేమ్‌ను నింపితే మీటరు దాన్ని బూడిదగా మార్చబోతుంది కనుక కొద్దిగా మైనస్ కావాలి. అయితే దాని రెక్కల చివరి పెద్ద ఈకలు తెల్లనివి, కూర్చున్నప్పుడు దాగి ఉండి ఎగిరేటప్పుడు మాత్రమే బయటపడతాయి కాబట్టి, ఎగిరే చిత్రాలకు ఆ తెలుపును దృష్టిలో పెట్టుకుని కొలవాలి.

వైట్ బ్యాలెన్స్‌ను (చిత్రం రంగుల ఛాయను సరిచేసే సెట్టింగ్) పగటి వెలుగు విలువ వద్ద స్థిరంగా ఉంచండి. తెల్లవారుజాము నీలిమను, సూర్యోదయపు బంగారు ఛాయను ఆటో పద్ధతి సవరించి చప్పగా చేస్తుంది. పోలరైజర్ (నీటి మెరుపులను తగ్గించే ఫిల్టర్) ఒకటి రెండు స్టాపుల వెలుగును మింగేస్తుంది. ఎగిరే పక్షులకు వాడకపోవడమే మంచిది.

ఏడవ దశ: ఫోకస్, వేగం, ఎత్తు

ఆటోఫోకస్‌కు వెలుగునీడల వ్యత్యాసం కావాలి. ఏకరీతి తెల్లని రొమ్ము మీద అది తడబడుతుంది. కన్నూ ముక్కూ నలుపులో కలిసిపోయిన ట్రంపెటర్ వంటి పక్షుల్లో కంటిని గుర్తించే సదుపాయం కూడా కొన్నిసార్లు విఫలమవుతుంది. అలాంటప్పుడు ఒకే పాయింటును ఎంచుకుని నలుపు, తెలుపు కలిసే ముక్కు మొదలు మీద ఉంచండి. కంటిలో వెలుగు చుక్క పడేలా తల కొద్దిగా తిరిగిన క్షణం కోసం ఆగండి; ఆ చుక్క లేకపోతే నల్లని ముఖంలో కన్ను కనిపించదు.

ఈదుతున్న హంసకు 1/500, రెక్కలు విదిలించేటప్పుడు నీటిబొట్లు గాలిలో నిలవడానికి 1/2000, ఎగరడానికి 1/1600 లేదా అంతకన్నా ఎక్కువ వేగం వాడవచ్చు. వెలుతురు తగ్గిపోయిన సాయంత్రాల్లో తిరిగివచ్చే గుంపును 1/30 నుంచి 1/60 వేగంతో, కెమెరాను వాటితో పాటే సాఫీగా తిప్పుతూ తీస్తే రెక్కలు చెదిరి, తల కొంత స్పష్టంగా ఉండే చిత్రాలు వస్తాయి. వీటిలో ఎక్కువ భాగం తీసివేయవలసి వస్తుందని ముందే అంగీకరించి చాలా చిత్రాలు తీయాలి. శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ పక్షులను బెదరించదు, కానీ కొన్ని కెమెరాల్లో వేగంగా కదిలే రెక్కలు వంకర తిరిగి వస్తాయి. మీ కెమెరాలో ముందే పరీక్షించుకోండి.

స్పష్టత లోతు గురించి ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాలో 500 మి.మీ. లెన్స్‌తో ఎఫ్/5.6 వద్ద 20 మీటర్ల దూరంలోని పక్షిని తీస్తే స్పష్టంగా ఉండే మందం సుమారు అర మీటరు మాత్రమే. ఒక తలకు అది చాలు. ఒకదాని వెనుక ఒకటి ఉన్న జంటకు చాలదు. అప్పుడు ఎఫ్/8 లేదా ఎఫ్/11కు వెళ్ళండి, లేదా రెండూ మీకు పక్కపక్కగా వచ్చేవరకు వేచి ఉండండి.

కెమెరాను నీటి మట్టానికి వీలైనంత దగ్గరగా తీసుకురండి. పై నుంచి తీస్తే హంస నీటి మీద అతికించినట్టు కనిపిస్తుంది; కింది నుంచి తీస్తే దూరపు ఒడ్డు మసకబారి పక్షి విడిగా నిలుస్తుంది. ప్రతిబింబం పూర్తిగా రావాలంటే మెడ పొడవును లెక్కలో ఉంచుకుని ఫ్రేమ్ కింద తగినంత చోటు వదలాలి. ఉదయం పొద్దెక్కాక చల్లని నీటి మీద, మంచు మీద గాలి అలలుగా కదలడం మొదలైతే దూరపు చిత్రాలు ఎంత మంచి లెన్స్‌తోనైనా స్పష్టత కోల్పోతాయి. అప్పుడు దగ్గరి పక్షులకే పరిమితం కావాలి.

గూళ్ళు, పిల్లలు, ఈకలు రాలే కాలం

గూటి దగ్గర ఫొటోలు తీయడం కొత్తవారు చేయదగిన పని కాదు. మూగ హంస సాధారణంగా ఐదు నుంచి ఏడు గుడ్లు పెట్టి సుమారు 36 రోజులు పొదుగుతుంది. తల్లిని గూటి నుంచి లేపితే గుడ్లు చల్లబడతాయి, మీరు రెల్లులో చేసిన దారి వేటాడే జంతువులకు దారి చూపుతుంది. బ్రిటన్‌లో హూపర్, బ్యూయిక్ హంసలను గూటి దగ్గర ఉద్దేశపూర్వకంగా కలవరపెట్టడం 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో డ్రోన్లు ఎగరవేయడంపై 2014 నుంచి నిషేధం ఉంది. అనుమతి ఉన్న మరొక చోటైనా హంసల మీద డ్రోన్ ఎగరవేయవద్దని గట్టిగా చెబుతాను.

పిల్లలు నీటిలోకి దిగాక, తల్లిదండ్రులు వాటిని మీకు కనిపించే చోటుకు స్వయంగా తీసుకొస్తే దూరం నుంచి తీయవచ్చు. మూగ హంస, నల్లమెడ హంస పిల్లలను వీపు మీద ఎక్కించుకుని ఈదుతాయి. మొదటి వారాల్లోనే ఈ దృశ్యం ఎక్కువ. వేసవిలో పెద్ద హంసలు పెద్ద రెక్క ఈకలన్నీ ఒకేసారి రాల్చి కొన్ని వారాలు ఎగరలేవు. ఆ కాలంలో వాటికి తప్పించుకునే దారి నీరు ఒక్కటే కనుక పడవలో వెంబడించడం, ఒడ్డున దారి మూయడం వంటివి అసలు చేయకూడదు. జబ్బుగా లేదా చనిపోయి కనిపించిన హంసను ముట్టుకోకండి. బర్డ్ ఫ్లూకు హంసలు తేలికగా లోనవుతాయి. ఆ ప్రాంతపు వన్యప్రాణి అధికారులకు చోటు, సమయం తెలియజేయండి.

చివరి దశ: ఎంపిక, సవరణ, నమోదు

ఎంపికలో తల దిశకే ప్రాధాన్యమివ్వండి. రెక్కలు ఎంత అందంగా విచ్చుకున్నా ముఖం అవతలికి తిరిగిన చిత్రం నిలవదు. సవరణలో తెలుపును మరింత తెల్లగా చేయాలనే ఆశను అదుపు చేసుకోవాలి; మిక్కిలి వెలుగున్న భాగాలను కొద్దిగా తగ్గిస్తే ఈకల గీతలు బయటపడతాయి. ఇనుము ఎక్కువగా ఉన్న బురదనీటిలో మేసే హంసల తల, మెడ తుప్పురంగులోకి మారుతాయి. అది ఆ పక్షి నివసించే చోటు గుర్తు, దాన్ని చెరపకండి.

ప్రతి రోజు తీసిన చిత్రాలతో పాటు తేదీ, చోటు, జాతి, పెద్దవాటి సంఖ్య, బూడిదరంగు పిల్లల సంఖ్య రాసుకోండి. గుంపులో పిల్లల శాతం ఆ ఏడాది అవి వేసవి గడిపిన ఉత్తర ప్రాంతాల్లో సంతానోత్పత్తి ఎలా సాగిందో పరిశోధకులకు తెలియజేసే ముఖ్యమైన ఆధారం. కాలికి లేదా మెడకు అక్షరాలున్న ఉంగరమో పట్టీయో కనిపిస్తే దాని రంగు, ఏ కాలికి ఉంది, అక్షరాలు ఏ క్రమంలో ఉన్నాయి అనే వివరాలతో ఆ దేశపు పక్షి ఉంగరాల పథకానికి పంపండి. ఈబర్డ్, ఐనేచురలిస్ట్ వంటి ప్రకృతి పరిశీలనల ఆన్‌లైన్ వేదికల్లో లెక్కలను చేర్చవచ్చు. గూటి చిత్రాలైతే మాత్రం చోటు వివరాలు ఇవ్వకండి, ఫైలులోని జీపీఎస్ సమాచారాన్ని తీసివేశాకే పంచుకోండి. సిబ్బంది ఆహారం వేసే చోట తీసిన చిత్రమైతే ఆ సంగతిని శీర్షికలోనే రాయండి.